సింకు పైన గోడకు ఏ లైటు? తిరుపతి ఇళ్ళకు పనికొచ్చే పోలిక

రెండేళ్ళ కిందట ఒక రాత్రి మా అమ్మ సామాన్లు తోముతూ, సింకు అడుగున పగిలి ఉన్న గాజు గ్లాసు ముక్క కనపడక దాని మీద చెయ్యి పెట్టింది. చూపుడు వేలికి మూడు కుట్లు పడ్డాయి. వంటింట్లో లైటు లేదని కాదు, సీలింగు దగ్గర 20 వాట్ల ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. అయితే అది అమ్మ వీపు వెనక ఉంది. తల నీడా భుజాల నీడా సరిగ్గా సింకులోనే పడుతున్నాయి. మరుసటి రోజు నేను అక్కడ నిలబడితే, చేతిలో ఉన్న ప్లేటుకు జిడ్డు పోయిందో లేదో వేలితో తడిమి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ అమ్మ అలాగే తోముతోందని అప్పుడు అర్థమైంది.

ఆ వారమే సింకు పైన గోడకు లైటు కొందామని షాపుకు వెళ్ళాను. కంటికి నచ్చిన ఇత్తడి రంగు లైటు ఒకటి తెచ్చాను, పైకీ కిందికీ రెండు వైపులా వెలుగు చిమ్మే రకం. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ చూసి, "అక్కా, ఇది హాల్లో అందానికైతే బాగుంటాది. సామాన్లు తోమే చోట పనికిరాదు" అన్నాడు. నేను వినలేదు. గోడ మీద రెండు అందమైన వెలుగు మరకలు పడ్డాయి, సింకు మాత్రం మునుపటిలాగే చీకటిగా ఉండిపోయింది. నెల తిరక్కముందే తీయించేశాను. ఆ తర్వాత మా ఇంట్లో, మా అన్న ఫ్లాటులో, మా అత్త వాళ్ళ పాత మిద్దెలో వేరువేరు రకాలు పెట్టించి, వాటి కింద నిలబడి సామాన్లు తోమి చూశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే లైటు పేరు చెప్పే ముందు నాలుగైదు విషయాలు అడుగుతున్నాను.

కొనే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు నీడ. లైటు మీ తలకూ గోడకూ మధ్యలో, మీ కంటి ఎత్తు కన్నా పైన ఉండాలి. అప్పుడు నీడ మీ వెనక నేల మీదికి పోతుంది, సింకు తేటగా కనిపిస్తుంది. ఇది కుదరకపోతే ఎన్ని వేలు పెట్టి కొన్నా ప్రయోజనం ఉండదు.

దీన్ని పైసా ఖర్చు లేకుండా ముందే పరీక్షించవచ్చు. చీకటి పడ్డాక వంటింట్లో లైట్లన్నీ ఆపి, మీరు సింకు ముందు నిలబడండి. ఇంట్లో ఇంకొకరిని పక్కన నిలబెట్టి, సెల్‌ఫోను టార్చి గోడ దగ్గర పట్టుకోమనండి. ముందు గోడకు ఆనించి, తర్వాత గోడ నుంచి జానెడు ముందుకు, తర్వాత ఇంకో అర అడుగు పైకి. చేతిలో ఒక లోతు గిన్నె పట్టుకుని లోపలి అడుగు కనిపిస్తోందా చూడండి. గోడకు బాగా ఆనించి పట్టుకుంటే గిన్నె అంచు నీడ లోపల పడుతుంది. కాస్త ముందుకు తెస్తే అడుగు దాకా వెలుగు దిగుతుంది. ఏ చోట బాగా కనిపించిందో అక్కడ గోడ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి, గోడ నుంచి ఎంత ముందుకు వచ్చిందో టేపుతో కొలిచి రాసుకోండి. షాపుకు వెళ్ళేటప్పుడు మీ దగ్గర ఉండాల్సిన కొలత ఇదే.

రెండోది, కళ్ళలోకి కొట్టకూడదు. సింకు పైన లైటు మన ముఖానికి రెండడుగుల దూరంలో ఉంటుంది. అందులోని బల్బు నేరుగా కనిపిస్తే పది నిమిషాల్లో కళ్ళు అలిసిపోతాయి. సింకు ముందు కిటికీ ఉంటే రాత్రిపూట దాని అద్దం ఆ వెలుగును మళ్ళీ మన కళ్ళలోకే తిప్పికొడుతుంది. అందుకే బల్బు కనపడకుండా ముందు ఒక అంచైనా ఉండాలి, లేదా పాలలాంటి తెల్లటి మూతైనా ఉండాలి.

మూడోది నీళ్ళు, ఆవిరి, జిడ్డు. మన ఊళ్ళో దీనికి ఇంకోటి తోడవుతుంది, అది ఉప్పు. కల్యాణి డ్యాం నీళ్ళో తెలుగుగంగ నీళ్ళో కుళాయికి వచ్చే ఇళ్ళలో కొంత నయం. బోరు నీళ్ళే దిక్కయిన ఇళ్ళలో, అపార్టుమెంట్లలో కుళాయి చుట్టూ తెల్లటి పొర ఎలా కడుతుందో అందరికీ తెలుసు. సింకులో నుంచి ఎగిరే తుంపర లైటు మీద కూడా అదే పొర కడుతుంది. దాని మీద తాలింపు జిడ్డు చేరితే మూత ఆరు నెలల్లో మసకబారుతుంది. డబ్బా మీద ఐపీ అని రెండంకెల సంఖ్య ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ము సంగతి, రెండోది నీళ్ళ సంగతి చెబుతాయి. ఐపీ20 అంటే నీళ్ళ నుంచి ఏ రక్షణా లేనట్టే. ఐపీ44 అయితే అన్ని వైపుల నుంచీ పడే తుంపరను తట్టుకుంటుంది. ఐపీ65 అయితే దుమ్ము చొరబడదు, పైపుతో నీళ్ళు కొట్టినా ఆగుతుంది. సింకుకు అడుగున్నరలోపు ఎత్తులో పెట్టేదైతే ఐపీ44కు తగ్గకండి. మూడడుగుల పైన, కుళాయికి అడ్డంగా కాకుండా పెడితే ఐపీ20 బ్యాటెన్ (పట్టీలా పొడుగ్గా ఉండే ట్యూబులైటు) కూడా ఏళ్ళ తరబడి నడుస్తుంది. మా ఇంట్లో నడుస్తోంది.

నాలుగోది వెలుగు రంగు. మన షాపుల్లో అడక్కుండా చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ 6500 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) తెల్ల లైటే. దాని కింద స్టీలు సామాన్లు కళ్ళు జిగేలుమనేలా మెరుస్తాయి. మరీ పసుపుగా ఉండే 3000 కెల్విన్ల లైటు హాయిగా ఉంటుంది గానీ, తెల్ల పింగాణీ ప్లేటు మీద మిగిలిన పలచటి పసుపు మరక ఆ వెలుగులో కలిసిపోతుంది. రెండిటికీ మధ్య 4000 కెల్విన్లు. దీన్ని షాపులో 'నేచురల్ వైట్' అని అడగాలి, లేదంటే తెప్పించమనాలి. డబ్బా మీద సీఆర్ఐ అనే సంఖ్య కూడా చూడండి. రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. 80 మామూలు, 90 దొరికితే వదలొద్దు. ఆకుకూర కడిగేటప్పుడు ఆకు వెనక పచ్చ పురుగు కనపడటానికి ఇది నిజంగా పనికొస్తుంది.

ఎంత వెలుగు కావాలన్నది కష్టమైన లెక్కేమీ కాదు. వంటింట్లో పని చేసే చోట 300 నుంచి 500 లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) ఉండాలంటారు. సింకుకు మూడడుగుల ఎత్తులో కిందికి తిరిగి ఉన్న 1000 ల్యూమెన్ల (లైటు మొత్తంగా ఇచ్చే వెలుగు కొలత) లైటు, అంటే 10 వాట్ల ఎల్ఈడీ, సుమారుగా ఆ మోతాదు ఇస్తుంది. రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు యూనిటున్నర. కరెంటు బిల్లు చూసుకుని చిన్న లైటుకు దిగాల్సిన అవసరం లేదు.

చివరిగా, బల్లులు. ఇది ఏ కంపెనీ డబ్బా మీదా రాయదు. అక్టోబరు, నవంబరు వానల్లో ఒక్క జల్లు కురిస్తే చాలు, సాయంత్రానికి ఉసిళ్ళు లైటు చుట్టూ మూగుతాయి. వాటి కోసం బల్లి వస్తుంది. లైటుకూ గోడకూ మధ్య వేలెడంత సందు ఉంటే అక్కడే కాపురం పెడుతుంది. కింద కడిగి బోర్లించిన గిన్నెలున్నాయి, వాటి మీద రెట్ట పడుతుంది. కాబట్టి వెనక సందు లేకుండా గోడకు పూర్తిగా అతుక్కునే లైటు కావాలి, లేదంటే ఆ సందును సిలికాన్‌తో మూసేయాలి. వెలుగు ఎంత పసుపుగా ఉంటే పురుగులు అంత తక్కువ వస్తాయి. 6500ను నేను వద్దనడానికి ఇది రెండో కారణం.

ఒక్కచోట చూస్తే

ధరలు మేం కొన్నప్పటివి, బిగింపు కూలీ కలపలేదు. షాపును బట్టి అటూ ఇటూ అవుతాయి.

| రకం | నీడ | కంటికి | నీళ్ళు, జిడ్డు | పాడైతే | ధర (రూ.) |
|---|---|---|---|---|---|
| రెండడుగుల ట్యూబ్ బ్యాటెన్ | చాలా తక్కువ | ముందు పట్టీ ఉంటేనే హాయి | ఎత్తులో పెడితే ఫర్వాలేదు | మొత్తం మార్చాలి | 200–350 |
| మూత ఉన్న బల్క్‌హెడ్ | మధ్యస్థం | పాల మూతైతే మంచిది | అన్నిటికన్నా గట్టిది | చాలావాటిలో మొత్తం మార్చాలి | 300–600 |
| వంపు కొమ్మ, టోపీ ఉన్న వాల్ ల్యాంప్ | తక్కువ | చాలా హాయి | టోపీ లోపల జిడ్డు చేరుతుంది | బల్బు మారిస్తే చాలు | 600–1500 |
| ప్రొఫైల్‌లో ఎల్ఈడీ స్ట్రిప్ | అన్నిటికన్నా తక్కువ | చాలా హాయి | మూత, కొసలు సరిగ్గా మూస్తేనే | అడాప్టరో స్ట్రిప్పో విడిగా మార్చొచ్చు | 800–1500 |
| అతికించే చార్జింగ్ లైటు | తక్కువే, వెలుగూ తక్కువే | ఫర్వాలేదు | తడి తగలకూడదు | పారేయాలి | 300–800 |

రెండడుగుల ట్యూబ్ బ్యాటెన్

ఎక్కువ ఇళ్ళకు నేను చెప్పేది ఇదే. అందమైన వస్తువు కాదు, ఫొటోలో గొప్పగా పడదు. కానీ సామాన్లు తోమడానికి దీనికి మించింది లేదు. కారణం దాని పొడవే. చిన్న బల్బు ఒక్క బిందువు నుంచి వెలుగు ఇస్తుంది, చేతుల నీడ గట్టిగా, నల్లగా పడుతుంది. రెండడుగుల ట్యూబు సింకు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెలుగు పరుస్తుంది. చెయ్యి ఒకచోట అడ్డొచ్చినా పక్క నుంచి వెలుగు అందుతుంది.

దీని కింద ఒక స్టీలు ప్లేటు పట్టుకుని మెల్లగా తిప్పి చూడండి. ప్లేటు మీద ట్యూబు తెల్లటి గీతలా కనిపిస్తుంది. ప్లేటు తిప్పేకొద్దీ ఆ గీత అంచు నుంచి అంచుకు పాకుతుంది. శుభ్రంగా ఉన్నచోట దారం లాగినట్టు సూటిగా వెళ్తుంది. జిడ్డు మిగిలిన చోటికి రాగానే చెదిరి మసకబారుతుంది. మా అమ్మ ఇప్పుడు ప్రతి ప్లేటునూ అలా ఒకసారి తిప్పి చూసి పక్కన పెడుతుంది, వేలితో తడిమి చూడటం మానేసింది. రాగి సంగటి చేసిన గిన్నెకు అడుగున అంటుకున్న పలచటి పొర కూడా ఎండకముందే కనిపిస్తుంది. ఎండితే దాన్ని వదిలించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు కదా.

బిగించడంలో ఒక తప్పు దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. బ్యాటెన్‌ను గోడకు ఆనించి మామూలుగా బిగిస్తే దాని ముఖం మన ముఖం వైపే ఉంటుంది. వెలుగులో సగం సింకులోకి కాకుండా మన కళ్ళలోకి వస్తుంది. సింకు పైన అలమరో షెల్ఫో ఉంటే దాని అడుగున, ముఖం కిందికి ఉండేలా, ముందు అంచుకు దగ్గరగా బిగించండి. ఏమీ లేకపోతే రెండు ఎల్ ఆకారపు క్లాంపులు గోడకు కొట్టించి వాటి మీద బోర్లించి పెట్టించొచ్చు. ముందు వైపు మూడంగుళాల వెడల్పు పీవీసీ పట్టీ ఒకటి అడ్డం పెడితే ట్యూబు కంటికి కనపడదు. ఈ పట్టీకి ప్లైవుడ్ వాడొద్దు, రెండేళ్ళలో ఉబ్బిపోతుంది. మా ఇంట్లో ఈ పట్టీకీ క్లాంపులకూ కలిపి అయిన ఖర్చు లైటు ఖర్చంత కూడా లేదు.

లోపం ఏంటంటే, లోపలి డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) పోతే రిపేరు ఉండదు, మొత్తం మార్చాలి. వోల్టేజీ హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండే వీధుల్లో ఇది తొందరగా జరుగుతుంది. కొనేటప్పుడు వారంటీ రెండేళ్ళు ఉన్నదే తీసుకోండి, బిల్లు దాచుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు డబ్బా మీద ఉన్నాయో లేదో చూడండి.

మూత ఉన్న బల్క్‌హెడ్

మెట్ల దగ్గర, మిద్దె మీద వాడే గుండ్రటి లేదా కోడిగుడ్డు ఆకారపు లైటు. ఐపీ65లో సులభంగా దొరుకుతుంది. వెనక సందు ఉండదు, పురుగు లోపలికి పోదు, తడి గుడ్డతో నిర్భయంగా తుడవొచ్చు. సింకు పెరట్లోనో బాల్కనీ యుటిలిటీలోనో ఉన్నవాళ్ళకు ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఇదే. వాన జల్లు కొట్టినా దానికి ఏమీ కాదు.

వంటింటి లోపలికైతే నేను రెండో స్థానమే ఇస్తాను. వెలుగు ఒకే చోటి నుంచి వస్తుంది, పైగా నేరుగా ముందుకు వస్తుంది. కంటి ఎత్తు కన్నా అడుగు పైన పెట్టించండి. ఇంకో జాగ్రత్త ఉంది. లోపల హోల్డరు ఉండి మనం బల్బు వేసుకునే రకమైతే, మూత మూసి ఉన్న లైటులో వేడి బయటికి పోక ఎల్ఈడీ బల్బు త్వరగా చస్తుంది. మన మే నెల ఎండల్లో మరీనూ. ఇందులో ఎల్ఈడీ లోపలే బిగించి వచ్చే రకం మేలు.

వంపు కొమ్మ, టోపీ ఉన్న వాల్ ల్యాంప్

గోడ నుంచి కొంగ మెడలా వంగి ముందుకు వచ్చే కొమ్మ, చివర బోర్లించిన టోపీ, లోపల బల్బు. అందమూ పనీ రెండూ కావాలనుకునే వాళ్ళకు ఇదొక్కటే సరైన దారి. కొమ్మ ఎనిమిది, పది అంగుళాలు ముందుకు వస్తుంది కాబట్టి వెలుగు గిన్నె అడుగు దాకా దిగుతుంది. టోపీ వల్ల బల్బు కంటపడదు.

దీని అసలు గొప్పదనం కిటికీ ఉన్నచోట తెలుస్తుంది. వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయంలో, సింకు ఈశాన్యం వైపు పెట్టించుకున్న ఇళ్ళలో చాలాసార్లు సింకు తూర్పు కిటికీ కిందకే వస్తుంది. పొద్దున ఆ కిటికీ వెలుతురు చాలు. రాత్రికి లైటు పెడదామంటే గోడ లేదు, కిటికీ ఉంది. కిటికీ పై అంచు దాదాపు ఏడడుగులు. అంత ఎత్తు నుంచి బ్యాటెన్ వెలుగు సింకు దాకా వచ్చేసరికి పలచబడుతుంది. కిటికీ పైన ఈ కొమ్మ లైటు పెట్టి 12 వాట్ల బల్బు వేస్తే సరిపోతుంది. మా అన్న ఫ్లాటులో అలాగే పెట్టించాం. కిటికీకి దోమల మెష్ ఉండి తీరాలి, లేకపోతే వానాకాలంలో ఉసిళ్ళన్నీ టోపీలోకే చేరతాయి.

కొనేటప్పుడు టోపీ లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. నునుపుగా తెల్ల పెయింటు ఉంటే జిడ్డు ఒక్క తుడుపుకు పోతుంది. జాలీ, వెదురు, గుడ్డ టోపీలు వంటింటికి తేవద్దు, తాలింపు జిడ్డు పట్టాక వాటిని శుభ్రం చేయడం ఎవరి తరమూ కాదు. మెరిసే క్రోమ్ పూత కూడా ఉప్పునీళ్ళ ఇంట్లో చుక్కలు పడి పొట్టు లేస్తుంది. ఇది ఇనుప వస్తువు కాబట్టి ఎర్త్ వైరు తప్పనిసరి. పాత ఇళ్ళలో లైటు పాయింటుకు రెండు వైర్లే వచ్చి ఉంటాయి. మూడో వైరు లాగించకుండా తడి చేతులు తిరిగే చోట లోహపు లైటు పెట్టించకండి. ఈ ఒక్క విషయంలో ఖర్చు చూసుకోవద్దు.

ప్రొఫైల్‌లో ఎల్ఈడీ స్ట్రిప్

మాడ్యులర్ కిచెన్ చేయించుకుంటున్న వాళ్ళు దీని గురించి ఇప్పుడే, పని మొదలవకముందే ఆలోచించాలి. అలమర అడుగున సన్నటి అల్యూమినియం ప్రొఫైల్ (స్ట్రిప్ కూర్చునే గాడి), దాని మీద తెల్ల మూత. వెలుగు సమంగా పరుచుకుంటుంది, లైటు ఎక్కడుందో కూడా కనపడదు. స్ట్రిప్ 12 లేదా 24 వోల్టులే కాబట్టి తడి చోట నిశ్చింత.

అయితే దీని బాగోగులన్నీ బిగించినవాళ్ళ చేతుల్లో ఉంటాయి. స్ట్రిప్‌ను ప్రొఫైల్ లేకుండా చెక్కకే అతికించి పోతే వేడికి జిగురు ఊడి ఆరు నెలల్లో వేలాడుతుంది. అడాప్టరును సింకు కింది అరలో పెడితే తేమకు పోతుంది, పైన అలమర లోపల పెట్టించండి. మీటరుకు ఎన్ని వాట్లో అడగండి. అలంకారానికి వాడే 4, 5 వాట్ల స్ట్రిప్ ఇక్కడ చాలదు, 10 వాట్లకు తగ్గొద్దు. అలమర లేని వంటిల్లయితే దీని జోలికి పోవద్దు.

అతికించే చార్జింగ్ లైటు

అయస్కాంతంతో అతుక్కునే చిన్న పట్టీ లైటు. వెలుగు తక్కువ, వారానికి రెండుసార్లు చార్జింగ్ పెట్టాలి. శాశ్వతంగా వాడే వస్తువు కాదు. కరెంటు పోయినప్పటికి, అర్ధరాత్రి మంచినీళ్ళకు లేచినప్పటికి బాగుంటుంది.

మీ ఇంటికి ఏది?

*అద్దె ఇల్లు.* ఉద్యోగాలకు, చదువులకు వచ్చి తిరుపతిలో అద్దెకుంటున్న వాళ్ళు చాలామంది. టైల్స్‌కు రంధ్రం పెడితే ఓనరు ఊరుకోరు. ఒకసారి మీ వాటర్ ప్యూరిఫయర్ ప్లగ్గు చూడండి. అది సాధారణంగా సింకు పక్కనే ఉంటుంది. రెండడుగుల బ్యాటెన్‌కు రెండు మీటర్ల వైరు, ప్లగ్గు వేయించుకుని, మల్టీ ప్లగ్గు కాకుండా స్విచ్చు ఉన్న పక్క సాకెట్టుకు పెట్టుకోండి. లైటును అలమర అడుగున డబుల్ సైడ్ టేపుతో అంటించొచ్చు. మంచి ఫోమ్ టేపు తీసుకోండి, అంటించే చోట ముందు జిడ్డు పూర్తిగా తుడవండి. వైరు ఎక్కడా సింకు మీదుగా వేలాడకూడదు. ఇల్లు మారేటప్పుడు లైటు మీతోనే వస్తుంది.

*కొత్తగా కట్టుకుంటున్న ఇల్లు.* టైల్స్ వేయకముందే సింకు పైన గోడలో ఎర్త్‌తో కలిపి మూడు వైర్ల పాయింటు వదిలించండి. లైటు ఏదన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ఈ పాయింటు మాత్రం తర్వాత రాదు. రంధ్రం ఎక్కడన్నది మేస్త్రీకి వదిలేయకండి. సింకు గట్టు సాధారణంగా రెండడుగుల తొమ్మిది అంగుళాలు ఉంటుంది, దాని మీద మూడడుగులు కొలిచి, సింకు నడిమధ్యకు గుర్తు పెట్టండి. మన ఇళ్ళలో ఎక్కువసార్లు గుర్తు గోడ మధ్యకు పెడతారు, సింకు మధ్యకు కాదు. వంటింటి సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎక్కడైనా కరెంటు లీకైతే అది క్షణంలో సరఫరా ఆపేస్తుంది.

*పాత మిద్దె.* మా అత్త వాళ్ళ ఇంట్లో గోడ పగలగొట్టడం కుదరలేదు, ఎర్త్ వైరు లేదు. పీవీసీ కేసింగ్ పట్టీలో వైరు నడిపించి, ప్లాస్టిక్ ఒంటి బల్క్‌హెడ్ పెట్టించాం. అందం గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు, ఎందుకంటే అత్తకు ఇప్పుడు గిన్నె లోపల కనిపిస్తోంది.

*పెద్దవాళ్ళు పని చేసే వంటిల్లు.* అరవై ఏళ్ళు దాటిన కంటికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ళ కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. షాపులో మనకు "చాలు" అనిపించిన లైటు అమ్మకు చాలదు. రెండడుగుల ట్యూబు బదులు నాలుగడుగులది, 20 వాట్లది పెట్టండి, లేదా రెండు రెండడుగులవి పక్కపక్కన. వెలుగు పెంచేకొద్దీ కంటిలోకి కొట్టకుండా ముందు పట్టీ మరింత అవసరమవుతుంది, పెద్దవాళ్ళ కళ్ళు మెరుపును తట్టుకోలేవు. లైటు ఎంచుకునే ముందు చివరి మాట వాళ్ళదే కానివ్వండి. సెల్‌ఫోను టార్చి పరీక్షలో సింకు ముందు నిలబడాల్సింది కూడా వాళ్ళే.

*తెల్లవారకముందే సామాన్లు తోమడానికి పనిమనిషి వచ్చే ఇల్లు.* స్విచ్చు ఎక్కడుందో చూడండి. చాలా ఇళ్ళలో అది కుళాయి వెనక గోడకే ఉంటుంది. తడి చేత్తోనే వేస్తారు, తడి చేత్తోనే ఆపుతారు. సింకు నుంచి కనీసం మూడడుగుల దూరానికి, తలుపు వైపుకు మార్పించండి. ఆవిడ లోపలికి వస్తూ లైటు వేసుకుంటుంది, చేతులు తుడుచుకుని పోతూ ఆపుతుంది.

బిగించాక

నెలకోసారి మెయిన్ ఆపి మూత తుడవండి. ఉప్పు పొరకు పీచు వాడితే ప్లాస్టిక్ మూత మీద గీతలు పడి వెలుగు తగ్గుతుంది. వెనిగరులో తడిపి పిండిన గుడ్డను పది నిమిషాలు దాని మీద కప్పి ఉంచితే పొర మెత్తబడి వచ్చేస్తుంది. వెనిగరు లేకపోతే నిమ్మరసంలో నీళ్ళు కలిపి వాడండి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే వేయమనండి, లైటుతో పాటు డబ్బాలో వచ్చే ఇనుప స్క్రూలు తుప్పు పట్టి టైల్ మీద ఎర్రటి చారలు దింపుతాయి. ఎలక్ట్రీషియన్ చివరి స్క్రూ బిగించేముందు ఒక్కసారి ఆపి, వంటింట్లో మిగతా లైట్లన్నీ ఆర్పించండి. చేతిలో లోతు గిన్నెతో సింకు ముందు నిలబడి, అడుగు కనిపిస్తేనే బిగించమని చెప్పండి.